చిట్టి కంప్యూటర్ నేయించిన తెల్ల లుంగీ

మీరు చదవబోయేది ఒక కంప్యూటర్ కథ. ఇందులో కంప్యూటర్ చేసిన తప్పు ఒక్కటి కూడా లేదు. తప్పులన్నీ నేనే చేశాను, ఎవరి సాయమూ లేకుండా చేశాను. సరే, మా మామ సాయం కొంత ఉంది. ఆఖరికి గుడియాత్తంలో మా మగ్గాల వీధి మొత్తం నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. మీరు కూడా వచ్చి ఆ గుంపులో నిలబడండి. చోటుకు కొదవ లేదు.

దేశం తలుపులు తెరిచేశారని పేపర్లన్నీ రాస్తున్న రోజులవి. మా ఊరికి ఆ తలుపుల గుండా ముందు కేబుల్ టీవీ వచ్చింది, తర్వాత వీధి మలుపుల్లో ఎస్‌టీడీ బూతులు వచ్చాయి, ఆ వెనకాలే కంప్యూటర్ పిచ్చి వచ్చింది. నేను వేలూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో కోర్సు చేశాను. కోర్సు అయిపోగానే సెంటర్ సారు నన్ను అక్కడే పాఠాలు చెప్పే పనిలో పెట్టుకున్నాడు. నాకు తెలిసిందంతా చెప్పడానికి ఒక వారం చాలు. మిగతా వారాల్లో అదే పాఠాన్ని ఇంకొంచెం గట్టిగా చెప్పేవాణ్ణి.

అట్లాంటి ఒక రోజున సారు సింగపూరు నుంచి వచ్చిన చుట్టం దగ్గర ఒక చిట్టి ల్యాప్‌టాప్ తీసుకుని బల్ల మీద పెట్టాడు. నేను దాన్ని చూసి ముందు డబ్బా అనుకున్నాను, లోపల కంప్యూటర్ ఉంటుందేమోనని మూత తెరిచాను. తెరిస్తే అదే కంప్యూటర్! మూసి పెడితే మా అమ్మ పంచాంగమంత ఉంది. చేతిలోకి తీసుకుంటే ఒక కొబ్బరికాయ ఇంతకంటే బరువు ఉంటుందనిపించింది. తెర అరచేయంత, అయినా రంగులు నిగనిగలాడుతున్నాయి. మౌస్ లేదు. తెర పక్కన శనగగింజంత గుండీ ఉంది, దాన్ని బొటనవేలితో అటూ ఇటూ నొక్కితే బాణం పరిగెడుతుంది. మెమరీ ముప్పై రెండు మెగాబైట్లు! సెంటర్లో బల్లల నిండా కూర్చున్న పెద్ద పెట్టెల్లో అందులో సగం కూడా లేదు. వాటిలో బొమ్మ తెరవమంటే మనం టీ తాగి రావాలి. ఇది టీ పోసేలోపే తెరిచేసేది. నాకు ఒళ్ళు పులకరించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"బ్యాటరీ గంటన్నర వస్తుందప్పా" అన్నాడు సారు. నిజమే, వచ్చేది. ఎవరూ దాన్ని వాడకుండా ఉంటే.

నేను సారు కాళ్ళావేళ్ళా పడ్డాను. మా వీధిలో అందరూ లుంగీలు నేసేవాళ్ళే, గళ్ళ డిజైన్లు దీంట్లో గీసి చూపిస్తే నేతగాళ్ళంతా మన సెంటర్లో చేరతారని నమ్మబలికాను. సారు నమ్మి, వారం రోజులకు దాన్ని నా చేతిలో పెట్టాడు. గుడియాత్తం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కే.వి. కుప్పం వచ్చేదాకా మూత తీస్తూ మూస్తూ ఉన్నాను. పక్కన కూర్చున్న ముసలాయన అడిగాడు.

"ఏమి నాయనా అది? రేడియోనా?"

"కంప్యూటర్ తాతా."

"అట్లనా. పెరిగేదానికి ఇంకా టైము ఉండాదిలే" అని ఆయన నిద్రపోయాడు.

ఇంటికి చేరేసరికి మా నాయన పరదరామి ఊరికి బయలుదేరుతున్నాడు. మా చిన్నత్త కూతురి పెళ్ళి. మేనమామ కాబట్టి ఆ వారమంతా ఆయన అక్కడే ఉండాలి. సరిగ్గా ఆ వారంలోనే మద్రాసు నుంచి ఒక షావుకారు మా వీధికి వస్తానని కబురు పెట్టాడు. పాలలాంటి తెల్ల నేల మీద సన్నటి నీలం గళ్ళ లుంగీ కావాలట. ఏ వీధి శాంపిల్ నచ్చితే ఆ వీధికే సీజను పనంతా ఇస్తాడట. మా వీధి తరఫున శాంపిల్ మా ఇంట్లోనే నేయాలి. పవర్‌లూముల దెబ్బకు అప్పటికే మా వీధిలో కొన్ని మగ్గాలు మూగబోయి ఉన్నాయి. ఈ పని రాకపోతే మిగతావీ అదే దారిన పోతాయని చిన్న పిల్లలకు కూడా తెలుసు.

నేను గుండె చిక్కబట్టుకుని చెప్పాను.

"నాయనా, డిజైను నేను దీంట్లో గీస్తాను. పని మనకే వస్తే ముందు గదిలో నాకు ఒక కంప్యూటర్ పెట్టుకోనిస్తావా?"

నాయన చిట్టిదాన్ని తిప్పి తిప్పి చూశాడు. "సెరి. రాకపోతే?"

"రాకపోతే నీ మాదిరే మగ్గం గుంటలో కూసోని లుంగీలు నేస్తాను. మళ్ళీ కంప్యూటర్ మాట ఎత్తను."

"గళ్ళు నీ ఇష్టం వచ్చినట్టు గీసుకో. తెల్లది మాత్రం తెల్లగా ఉండాల. మునిరత్నం నేస్తాడు" అని సంచి భుజాన తగిలించుకుని బస్సెక్కాడు.

మునిరత్నం మామ అంటే మా అమ్మ తమ్ముడు. మా వీధిలో ఆయనంత నున్నగా నేసేవాడు లేడని వీధంతా ఒప్పుకుంటుంది, అందరికంటే ముందు ఆయనే ఒప్పుకుంటాడు. కొత్త వస్తువు ఏది కనిపించినా చేతిలో పట్టుకోకుండా ఉండలేడు. చిట్టిదాన్ని చూడగానే మగ్గం వదిలేసి వచ్చేశాడు.

"అల్లుడా, దీంట్లో తెలుగు ఉండాదా?"

"ఉన్నా నువ్వు చదవలేవు కదా మామా."

"నేను చదవకపోతే ఏమి? ఉండాదా లేదా, అది చెప్పు!"

ఆయన వేలు ఒక్క మీట మీద పెడితే మూడు మీటలు దిగేవి. చిట్టి మీటలు, మగ్గం వేళ్ళు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టి నేనే గళ్ళు గీశాను. తెల్ల నేల, నిలువు నీలం, అడ్డ నీలం. చెరుపు, మళ్ళీ గీయి, సన్నం చెయ్యి, లావు చెయ్యి! మగ్గం మీద ఒక గడి మార్చాలంటే ఒక పూట పని. ఇక్కడ చిటిక వేసే లోపల మారిపోతోంది. మామ ప్రతి మార్పుకూ "అబ్బబ్బబ్బ" అంటున్నాడు. అమ్మ కూడా వచ్చి చూసింది. చిట్టిదాని అడుగు వెచ్చగా ఉండటం గమనించి, తొందరగా పులుస్తుందని దోసెపిండి గిన్నె తెచ్చి పక్కన ఆనించి పోయింది.

ఇక్కడిదాకా అంతా సవ్యంగానే జరిగింది. ఇక్కడే నేను మూత మూసేసి ఉంటే ఈ కథ లేదు, నా పరువు ఉంది.

మా వీధిలో ఒక అలవాటు ఉంది. ఎవరు ఏ శాంపిల్ గుడ్డ తెచ్చినా దాన్ని ఊరికే కంటితో చూడరు. పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాన్ని గుడ్డ మీద పెట్టి, ఒక కన్ను మూసి, పోగు పోగూ చదువుతారు. అద్దం చెప్పిందే శాసనం. మామ కూడా అలవాటు కొద్దీ మొలలోంచి అద్దం తీసి తెర మీద పెట్టి ఒక కన్ను మూశాడు.

మూసిన కన్ను కూడా తెరుచుకుంది.

"రేయ్ అల్లుడా! ఇది తెలుపు కాదురా!"

"తెలుపే కదా మామా."

"నా కండ్లు పోలేదురా! ఎర్ర పోగు, పచ్చ పోగు, నీలం పోగు! వరసగా పేర్చినారు. తెల్ల పోగు ఒక్కటి గూడా లేదు. రా, చూడు!"

చూశాను. నిజమే! తెల్లగా కనిపించే చోటల్లా సన్నటి ఎర్ర, ఆకుపచ్చ, నీలం గీతలు నిలువునా నిలబడి ఉన్నాయి, మగ్గం మీద పడుగు సాగదీసినట్టు. నీలం గడి దగ్గర నీలం గీత ఒక్కటే వెలుగుతోంది. అద్దం తీసేస్తే మళ్ళీ పాలలాంటి తెలుపు. అద్దం పెడితే మూడు రంగులు. మేమిద్దరం అద్దం లాక్కుని లాక్కుని చూసుకున్నాం.

నా బుర్రలో దీపం వెలిగింది. వెలగకుండా ఉండాల్సింది. ఎర్ర, ఆకుపచ్చ, నీలం కలిస్తే తెలుపు అని సెంటర్లో నేను వారం వారం గట్టిగా చెప్పే పాఠం అదే! అది వెలుగుకు సంబంధించిన మాట, దారానికి కాదు అన్న ముక్క కూడా పుస్తకంలో ఉండే ఉంటుంది. ఆ పేజీ దాకా నేనెప్పుడూ పోలేదు.

"మామా! ఫారిన్ తెలుపు అంత తళతళ ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసింది. వాళ్ళు తెల్ల పోగు వెయ్యరు. మూడు రంగులు కలుపుతారు. మనం కూడా అట్లే నేస్తే మద్రాసాయన కళ్ళు చెదిరిపోవాల!"

మామకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. "మా తాత కాలం నుంచి తెల్లదానికి తెల్ల పోగే కదరా వేస్తా ఉండాము?"

"మీ తాత దగ్గర ఇది ఉండిందా?" అని చిట్టిదాన్ని చూపించాను.

"లేదు."

"అద్దంలో చూసింది ఎవరు?"

"నేనే."

"అద్దం ఎప్పుడన్నా అబద్ధం చెప్పిందా?"

మామ లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "ఈ సంగతి పక్క వీధోళ్ళకు తెలియగూడదు అల్లుడా. అక్కా, తలుపు మూయి!"

తలుపు మూసి పని మొదలుపెట్టాం. అంత ఉత్సాహంగా నేను జీవితంలో ఏ పనీ చేయలేదు. ఇంట్లో ఉన్న ఎర్ర, ఆకుపచ్చ, నీలం నూలంతా దింపాం. నిలువు పడుగులో ఒక ఎర్ర, ఒక పచ్చ, ఒక నీలం. అడ్డం పేకకు దారం మోసే నాడెలు మూడు, ఒక్కో పోగుకు ఒక్కో నాడె మార్చాలి. మామ నడుం విరిగిపోతోంది, అయినా పాటలు పాడుతున్నాడు. నేను పక్కన కూర్చుని చిట్టిదాని తెర చూపిస్తూ "ఇట్లా, ఇట్లా" అంటున్నాను. మధ్యలో కరెంటు పోతుంది, బ్యాటరీ కూడా కళ్ళు తేలేస్తుంది. అప్పుడు ఇద్దరం చీకటి తెరకేసి చూస్తూ కూర్చుంటాం.

గుడ్డ జానెడు పెరిగింది. అమ్మ వచ్చి వంగి చూసింది.

"ఏందిరా ఇది? ఎనుము బురదలో పొర్లి వచ్చినట్టుండాది."

"తెలుపమ్మా."

"యాడ?"

"నువ్వు దగ్గరగా చూస్తా ఉండావు."

అమ్మ గడప దగ్గరికి పోయి చూసింది. "ఇప్పుడు బురద మాత్రం కనిపిస్తా ఉండాది. ఎనుము కనపడలేదు."

మామ నా వైపు చూశాడు. నేను మామ వైపు చూడలేదు. గంజి తడి ఆరలేదు, ఆరితే తెల్లబడుతుంది అన్నాను. ఆరింది. మరింత ముదిరింది. లోపల వెలుతురు చాలదు అన్నాను. వాకిట్లోకి తెచ్చాం. ఎండలో దాని అసలు రంగు చూసి మామ పాట ఆపేశాడు. అప్పుడు నాకు ఇంకో సిద్ధాంతం తట్టింది. తెరకు వెనకాల దీపం ఉంటుంది, గుడ్డకు లేదు! వెంటనే గుడ్డను కిటికీకి అడ్డంగా కట్టి వెనక నుంచి ఎండ పడేట్టు చేశాను. బురదలో ఇప్పుడు సూర్యుడు కూడా కనిపించాడు.

"అల్లుడా, తెల్ల పోగు వేసి ఇంకోటి నేసేస్తామా?" అన్నాడు మామ నీరసంగా.

నేస్తే బాగుండేది. టైము ఎక్కడుంది? షావుకారు కాట్పాడిలో రైలు దిగి టాక్సీలో వస్తున్నాడని బూత్ నుంచి కబురు వచ్చేసింది. మగ్గం గుంట కళ్ళ ముందు కనిపించింది. అంతకంటే ఎక్కువగా వీధిలో మూగబోయిన మగ్గాలు కనిపించాయి. నా డాబు కోసం ఇంతమంది నోటి దగ్గర కూడు తీసేస్తున్నానా అని మొదటిసారి భయమేసింది. భయమేసినప్పుడు నిజం చెప్పేసే మనిషినైతే ఇంత దూరం వచ్చేవాణ్ణే కాదు.

షావుకారు దిగాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. దేవుడు కావాలనే ఆ బట్టల్లో పంపించినట్టున్నాడు. వీధిలోని నేతగాళ్ళంతా అరుగుల మీదికి చేరారు. మామ మడత విప్పి గుడ్డ పరిచాడు, పరిచి గుంజ వెనక్కి పోయి నిలబడ్డాడు.

షావుకారు సగం అరవం, సగం తెలుగు. "తంబీ, ఇది ఎన్న? సాంపిల్ మీద కప్పిన గుడ్డనా?"

"ఇదే సాంపిల్ సార్."

"నాను తెలుపు అడిగినాను."

"తెలుపే సార్. కంప్యూటర్ తెలుపు. కొంచెం దూరం పోయి చూడండి సార్."

పెద్దమనిషి, నా చేతిలో చిట్టిదాన్ని చూసి కొంచెం మర్యాద ఇచ్చాడు. వెనక్కి అడుగు వేశాడు.

"కనపడలేదే తంబీ."

"ఇంకా కొంచెం దూరం సార్."

అరుగు దిగాడు. "ఇప్పుడు?" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "ఇంకా పోండి సార్, కళ్ళు కొంచెం మూసుకోండి." ఆయన కళ్ళు చికిలించి వెనక్కి నడుస్తున్నాడు. నేనూ మామా గుడ్డను చెరో కొసా పట్టుకుని నిలబడ్డాం. నా పోరంబోకు నోరు ఆగడం లేదు. "ఇంకా! ఇంకా! ఇప్పుడు వస్తుంది సార్, వచ్చేస్తుంది!" అరుగుల మీది జనం తుండ్లు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన పక్కింటి ముందు నుంచి, పంపు దగ్గర నుంచి, వీధి మలుపు దాకా వెనక్కి నడిచాడు. మలుపులో ఆయన టాక్సీ నిలబడి ఉంది. చెయ్యి వెనక్కి చాచి టాక్సీ తలుపు తెరిచాడు.

అప్పుడే పెళ్ళి ముగించుకుని, పరదరామి బస్సు దిగి మా నాయన మలుపు తిరిగాడు. వెనక్కి నడిచి వస్తున్న షావుకారు వీపు, నాయన ఛాతీకి దబ్బున తగిలింది. ఆ తర్వాత జరిగింది నాకు అంత దూరం నుంచి కనిపించింది కానీ వినిపించలేదు. మాటలు తర్వాత నాయనే చెప్పాడు.

"ఏమయ్యా, ఎనక్కి నడస్తా ఉండారు? ఒళ్ళు బాగుండాదా?"

"ఆ ఇంటి పిల్లాడు తెలుపు చూపిస్తానన్నాడు. ఇక్కడ దాకా వచ్చినాను, తెలుపు రాలేదు. కాట్పాడి పోయి చూస్తాను."

నాయన కళ్ళు చికిలించి మా ఇంటి వైపు చూశాడు. గుడ్డ కనిపించింది, దాని రెండు కొసల్లో ఇద్దరు వెధవలు కనిపించారు. ఆయనకు చెమటలు పట్టాయట. భుజం మీది తుండు తీసి ముఖం తుడుచుకున్నాడు. పెళ్ళికి భుజాన వేసుకుపోదామని తానే నేసుకున్న తుండు, తెల్ల నేల మీద సన్నటి నీలం గళ్ళు. షావుకారు టాక్సీ తలుపు వదిలేసి, నాయన ముఖం మీది నుంచే ఆ తుండు లాక్కున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, జేబులోంచి తన భూతద్దం తీసి పెట్టి ఒక కన్ను మూశాడు.

"ఇది యారు నేసింది?"

"నేనే."

"ఇదే నాకు కావలసిన తెలుపు! దీనికి ఏ కంప్యూటర్?"

"తెల్ల నూలు" అన్నాడు నాయన.

సీజను పనంతా మా వీధికే వచ్చింది. మూగబోయిన మగ్గాలు కూడా లేచాయి. ఆ సాయంత్రం మా వీధిలో అన్ని ఇళ్ళలోంచీ లడక్ లడక్ మోత వినిపిస్తుంటే నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. మామ మాత్రం ఆ క్షణం నుంచి "నేను ముందే చెప్పినాను, మా తాత తెల్ల పోగే వేసినాడని" అని వీధంతా చెప్పుకు తిరిగాడు.

నాయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పని వచ్చింది కానీ కంప్యూటర్ వల్ల రాలేదు కాబట్టి, ముందు గదిలో కంప్యూటర్ లేదు. వేలూరు పోయి చిట్టిదాన్ని సారుకు ఇచ్చి వచ్చాను. దాని మీటల సందుల్లో మా అమ్మ దోసెపిండి ఎండిపోయి ఉందని ఆయన చాలా రోజులకు గాని కనుక్కోలేదు. ఆ సీజనంతా నేను మగ్గం గుంటలో కూర్చుని తెల్ల పోగు పక్కన తెల్ల పోగు వేశాను. ఇక ఆ మూడు రంగుల గుడ్డను నాయన లుంగీగా కుట్టించి నా చేతిలో పెట్టాడు.

"చిరిగేదాకా ఇదే కట్టుకో. చిరిగినంక నీకు కంప్యూటర్ కొనిస్తా."

మామ నేత అంటే ఊరికే కాదు. మూడు నాడెలు మార్చి, నడుం విరగ్గొట్టుకుని నేసిన గుడ్డ అది. కట్టాను, ఉతికాను, బండకేసి బాదాను, ముళ్ళ కంచె మీద ఆరేశాను. చిరగదే! ఆ తర్వాత నేనే సంపాదించి కంప్యూటర్ కొనుక్కున్నాను, అది పాతదై పోయింది, ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. ఇది రాస్తున్నప్పుడు కూడా నా ఒంటి మీద ఉన్నది ఆ లుంగీయే. అమ్మ దాన్ని తీగ మీద ఆరేసిన ప్రతిసారీ అడిగేది, "గోపీ, ఇది ఉతికిందా, ఉతకనిదా?" లోపలి నుంచి నాయన జవాబు చెప్పేవాడు, "కొంచిము దూరం పోయి చూడవే."

అందుకని, బురద రంగు లుంగీ అంచు పట్టుకుని, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ తెర మీదా భూతద్దం పెట్టను. మామకు పెట్టనివ్వను. ఏ పెద్దమనిషినీ ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యమనను. తెల్లదానికి తెల్ల పోగే వేస్తాను. ఈ ప్రమాణం ఈ లుంగీ చిరిగేదాకా చెల్లుతుంది, అంటే నా తర్వాత కూడా ఎవరో ఒకరు దీన్ని మోయాల్సిందే.